విసురు ఎరిగిన రిమోట్

2006 నవంబరు 19న నింటెండో సంస్థ వీ అనే గేమ్ కన్సోల్‌ను అమెరికాలో అమ్మకానికి పెట్టింది. రెండు రోజుల ముందే సోనీవారి ప్లేస్టేషన్ 3 అక్కడి దుకాణాల్లోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 అప్పటికే ఏడాదిగా జనం ఇళ్లలో ఉంది. ఆ రెండూ హై డెఫినిషన్ టీవీలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వీ మాత్రం 729 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తోనూ, 480 గీతల బొమ్మతోనూ సరిపెట్టుకుంది. పెట్టె మందం మూడు డీవీడీ కేసులకు మించకూడదని నింటెండో ముందే హద్దు పెట్టుకుంది. ధర 250 డాలర్లు. ప్లేస్టేషన్ 3లో చవకరకమే 499 డాలర్లు. కాగితం మీది అంకెలు చూసి పందెం కాయమంటే వీ మీద కాసేవాళ్లు కొద్దిమందే. కానీ లెక్క తేలేసరికి అమ్ముడైన వీలు 10 కోట్ల 16 లక్షలు. నింటెండో అంతకుముందు తెచ్చిన గేమ్‌క్యూబ్ 2 కోట్ల 17 లక్షల దగ్గరే ఆగిపోయింది.

తేడా అంతా చేతిలో పట్టుకునే రిమోట్‌లో ఉంది.

1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్ కన్సోల్‌కు ఉన్నది ప్లస్ గుర్తు ఆకారంలో ఒక మీట, కొన్ని బటన్లు. రెండు దశాబ్దాలు గడిచేసరికి కంట్రోలర్ మీద రెండు పుల్లలు, చుట్టూరా పదికి పైగా బటన్లు చేరాయి. చిన్నప్పటి నుంచి వాటితో పెరిగిన కుర్రాళ్లకు అవి వేళ్ల కొసల్లో ఉంటాయి. వాళ్ల అమ్మానాన్నలకు, తాతయ్యలకు ఆ వస్తువు ముట్టుకోవాలంటేనే బెరుకు. 2002లో నింటెండో అధ్యక్షుడైన సతోరు ఇవాతా పట్టుకున్న సమస్య ఇదే. ఆడేవాళ్లకు ఇంకా అందమైన బొమ్మలు ఇవ్వడం కాదు, ఆడనివాళ్లను ఆటలోకి రప్పించడం ముఖ్యమని ఆయన పట్టుబట్టాడు. 2005 సెప్టెంబరులో టోక్యో గేమ్ షోలో ఆయన పైకెత్తి చూపించిన కంట్రోలర్ అచ్చం టీవీ రిమోట్ ఆకారంలో ఉంది. దాదాపు 15 సెంటీమీటర్ల పొడవు, ఒంటిచేత్తో పట్టుకునే వీలు. టీవీ రిమోట్ పట్టుకోని మనిషి ఏ ఇంట్లో ఉంటాడు? ఇవాతా ఎన్నుకున్న ఆ ఆకారమే నాకు సగం శాస్త్రంగా కనిపిస్తుంది. మిగతా సగం లోపల ఉంది.

అమెరికాలో కొన్నవాళ్లకు పెట్టెలోనే వీ స్పోర్ట్స్ అనే డిస్కు వచ్చేది. జపాన్‌లో దాన్ని విడిగా కొనుక్కోవాలి. అందులో టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్, బాక్సింగ్ అని అయిదు ఆటలు. కొత్తగా రిమోట్ పట్టుకున్న మనిషికి నేనైతే ముందు బౌలింగ్ ఇస్తాను. రిమోట్ అడుగున ఉన్న మీటను చూపుడువేలితో నొక్కి పట్టుకోవాలి. చెయ్యి వెనక్కి తీసుకెళ్లి ముందుకు ఊపుతూ, బంతి వదిలేచోట మీట వదలాలి. తెర మీద బంతి దొర్లుతుంది. వదిలేటప్పుడు మణికట్టు కొంచెం మెలితిప్పితే బంతి ఆ పక్కకు వంపు తిరుగుతుంది. మెలిక ఎక్కువైతే గాడిలో పడుతుంది. చెప్పడానికి ఇంతే. రెండో బంతికే ముఖం వెలిగిపోతుంది. నిబంధనలు ఎవరూ చదివి వినిపించనక్కర్లేదు. అమెరికాలో వృద్ధులు ఉండే సముదాయాల్లో ఈ బౌలింగ్‌కు పోటీలు పెట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు. బరువైన బంతి ఎత్తలేని భుజం కూడా ఆ చెయ్యి ఊపును మరిచిపోదు.

ఆ మొదటి పది నిమిషాల్లో ఎవరికైనా కలిగే భావన ఒక్కటే: నా చెయ్యి ఎక్కడుందో, ఎటు కదులుతోందో ఈ యంత్రానికి తెలుసు. ఆ భావన చాలా బలమైనది. కానీ నిజం కాదు. 2006 నాటి వీకి మీ చెయ్యి ఎక్కడుందో తెలియదు. దానికి తెలిసింది అంతకంటే చాలా తక్కువ. ఆ కొద్దిపాటి సమాచారంతో అంత గట్టి నమ్మకం ఎలా కలిగించగలిగింది, ఏ ఆటల్లో ఆ నమ్మకం చెదిరిపోయింది అన్నదే నాకు ఈ కన్సోల్ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం.

రిమోట్ లోపల అనలాగ్ డివైసెస్ అనే అమెరికన్ సంస్థ చేసిన ఏడీఎక్స్ఎల్ 330 అనే చిప్ ఉంది. నాలుగు మిల్లీమీటర్ల చదరం, ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపు మందం. ఇది త్వరణాన్ని కొలుస్తుంది. దాని నడుమ సిలికాన్‌తో చెక్కిన ఒక అతి చిన్న దిమ్మ, సిలికాన్ స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్తున్నప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం, ఒక్కసారిగా లాగిస్తే వెనక్కి ఒరుగుతాం. కిటికీలన్నీ మూసేసి కళ్లకు గంతలు కట్టినా, ఎంత తూలామన్నదాన్ని బట్టి బస్సు వేగం ఎంత గట్టిగా మారిందో చెప్పొచ్చు. చిప్‌లో ఆ సిలికాన్ దిమ్మ చేసేదీ అదే. రిమోట్‌ను ఊపితే చిప్ చట్రం కదులుతుంది, జడత్వం వల్ల దిమ్మ వెనకబడుతుంది. దిమ్మకు అంటుకుని ఉన్న పలకలు, చట్రానికి బిగించిన పలకలు కలిసి చిన్న చిన్న కెపాసిటర్లుగా పనిచేస్తాయి. దిమ్మ జరిగితే పలకల మధ్య ఎడం మారుతుంది, దానితో పాటు విద్యుత్తును నిలవచేసే శక్తి మారుతుంది. ఆ మార్పును కొలిచి త్వరణం లెక్కగడతారు. ముందువెనకలు, కుడిఎడమలు, కిందపైలు అని మూడు దిశల్లోనూ, ఒక్కో దిశలో గురుత్వ త్వరణానికి మూడు రెట్ల దాకా ఈ చిప్ కొలవగలదు.

ఇలాంటి చిప్‌లు ఆటల కోసం పుట్టలేదు. 1990ల మొదట్లో అనలాగ్ డివైసెస్ వీటిని కార్ల ఎయిర్‌బ్యాగుల కోసం తయారుచేసింది. కారు దేన్నైనా గుద్దుకున్నప్పుడు వేగం ఎంత హఠాత్తుగా పడిపోయిందో చూసి, సంచి ఉబ్బాలా వద్దా అన్నది తేల్చాల్సింది ఆ చిప్పే. కార్లలో కోట్ల సంఖ్యలో వాడకం పెరిగేకొద్దీ ధర తగ్గింది, పరిమాణం కూడా తగ్గింది. ప్రాణం కాపాడటానికి చేసిన పరికరం పదిహేనేళ్లకు బొమ్మ బంతి విసరడానికి వచ్చింది. ఈ ప్రయాణం నాకు ఎంతో సంతోషాన్నిస్తుంది. విజ్ఞానం గడప దాటి వేరే పనిలోకి దూరినప్పుడే దాని అసలు బలం కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ చిప్‌కు ఏం తెలియదో చూద్దాం. బల్ల మీద కదలకుండా పెట్టిన రిమోట్ కూడా సున్నా అని చెప్పదు. కిందికి లాగే గురుత్వం ఆ చిన్న దిమ్మ మీదా పనిచేస్తోంది కాబట్టి, "ఒక జీ" అని చెబుతుంది. జీ అంటే గురుత్వ త్వరణం, సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు. రిమోట్‌ను పైకి ఎగరేస్తే, అది గాల్లో ఉన్నంతసేపూ చిప్ దాదాపు సున్నా చూపిస్తుంది, ఎందుకంటే చట్రమూ దిమ్మా రెండూ కలిసే పడుతున్నాయి. కదలనప్పుడు ఒకటి, పడుతున్నప్పుడు సున్నా. మొదటిసారి విన్నవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది గానీ, ఇందులో పెద్ద లాభం ఉంది. రిమోట్ స్థిరంగా ఉన్నప్పుడు ఆ ఒక జీ ఏ దిశ నుంచి వస్తోందో చూస్తే, రిమోట్ ఎటు వంగి ఉందో తెలిసిపోతుంది. ఎక్సైట్ ట్రక్ అనే ఆటలో రిమోట్‌ను రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, స్టీరింగ్‌లా అటూ ఇటూ వంచుతూ లారీ నడుపుతారు. అందులో కొలిచేది భూమి ఆకర్షణ దిశను, అంతే. కన్సోల్‌తో పాటు వచ్చిన ఆటల్లో అంత తడబాటు లేకుండా నడిచినవి తక్కువ.

చిక్కు ఎక్కడంటే, వంపు వల్ల వచ్చిన అంకె ఏదో, విసురు వల్ల వచ్చిన అంకె ఏదో చిప్ విడదీసి చెప్పలేదు. రెండూ ఒకే లెక్కలో కలిసిపోతాయి. పైగా రిమోట్‌ను బల్ల మీద గడియారం ముల్లులా నెమ్మదిగా తిప్పితే గురుత్వం దిశ ఏమీ మారదు, కాబట్టి ఆ తిరుగుడు చిప్‌కు కనిపించదు.

"త్వరణం తెలుసు కదా, దాన్నుంచి వేగం, వేగం నుంచి స్థానం లెక్కకట్టుకోవచ్చు కదా?" అని ఇంటర్ ఫిజిక్స్ చదివిన పిల్లలు వెంటనే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కాగితం మీద అది నిజం కూడా. చేతిలోని పరికరంతో చేసి చూస్తే ఏమవుతుందో లెక్కవేద్దాం. కొలతలో ఒక జీలో నూరో వంతు పొరపాటు ఉందనుకుందాం, అంటే సెకనుకు సెకనుకు 0.098 మీటర్లు. స్థానంలో తప్పు కాలవర్గంతో పెరుగుతుంది. ఒక సెకను గడిచేసరికి దాదాపు 5 సెంటీమీటర్లు. పది సెకన్లు గడిచేసరికి దాదాపు 5 మీటర్లు. మీరు కుర్చీలో కదలకుండా కూర్చునే ఉంటారు, లెక్క ప్రకారం మీ చెయ్యి పక్కింట్లో ఉంటుంది. అందుకే చేతి స్థానాన్ని ఈ చిప్‌తో వెంటాడే పని పెట్టుకోకుండా, "విసురు వచ్చిందా? ఎప్పుడు? ఎంత గట్టిగా? ఏ వైపుకు?" అన్న నాలుగు ప్రశ్నలతో ఆట నడపడమే తెలివైన దారి.

ఎటు చూపిస్తున్నామో తెలుసుకోవడానికి రిమోట్‌కు ఇంకో కన్ను ఉంది. టీవీ పైన గానీ కింద గానీ ఒక సన్నటి పట్టీ పెట్టాలి. ఆ పట్టీలో సెన్సర్ ఏదీ లేదు. దాని రెండు కొసల్లో అయిదేసి పరారుణ ఎల్ఈడీ దీపాలు మాత్రం ఉన్నాయి. ఆ కాంతి మన కంటికి కనిపించదు. చూసే కెమెరా రిమోట్ ముందు కొసలో ఉంది, తైవాన్‌లోని పిక్స్ఆర్ట్ సంస్థ చేసినది. అది మొత్తం బొమ్మను పంపదు, వెలుగు చుక్కలు ఎక్కడున్నాయో మాత్రం లెక్కకట్టి పంపుతుంది. రెండు చుక్కల నడిమి బిందువు కెమెరాలో ఎక్కడ పడిందో చూస్తే రిమోట్ తెర మీద ఎటు చూపిస్తోందో తెలుస్తుంది. చుక్కల మధ్య ఎడం తగ్గితే మనిషి దూరం జరిగాడని అర్థం. చుక్కలను కలిపే గీత వాలితే రిమోట్ పక్కకు తిరిగిందని అర్థం. ఇంత సులువైన జ్యామితి కాబట్టే, పట్టీ పాడైనప్పుడు రెండు కొవ్వొత్తులు వెలిగించి ఆడినవాళ్లున్నారు, మంటలోనూ పరారుణ కాంతి ఉంటుంది మరి. కిటికీలోంచి ఎండ నేరుగా టీవీ వైపు నుంచి పడితే మాత్రం తెర మీది చెయ్యి గుర్తు కుదురుగా నిలవదు.

2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న జానీ చుంగ్ లీ ఈ ఏర్పాటును తిరగేశాడు. రిమోట్‌ను టీవీ దగ్గర కదలకుండా ఉంచి, దీపాలను తన తలకు తగిలించుకున్నాడు. ఇప్పుడు కెమెరా చూసేది అతని తల కదలికలను. తల పక్కకు జరిగితే తెర మీది దృశ్యమూ ఆ కోణం నుంచి కనిపించేట్టు మారుతుంది, టీవీ తెర కాస్తా కిటికీ అయిపోయినట్టుంటుంది. బజారులో అతి తక్కువ ధరకు దొరికే వస్తువుతో ప్రయోగశాల స్థాయి పని చేయొచ్చని అతని వీడియోలు లక్షలమందికి చూపించాయి.

ఇదంతా తెలిశాక మొదటి విడత ఆటల దగ్గరికి తిరిగి వస్తే, ఏది ఎందుకు కుదిరిందో, ఏది ఎందుకు కుదరలేదో చాలావరకు తేలిపోతుంది. టెన్నిస్‌లో మనిషిని పరిగెత్తించే పని ఆటే చూసుకుంటుంది. మనకు మిగిలింది సమయానికి రాకెట్ ఊపడం. ముందుగా ఊపితే బంతి ఒక పక్కకు, ఆలస్యంగా ఊపితే రెండో పక్కకు వెళ్తుంది. అంటే దిశ కూడా స్థానం నుంచి కాదు, సమయం నుంచి వస్తోంది. చిప్‌కు బాగా తెలిసిన విషయం అదొక్కటే కాబట్టి ఆట అక్కడే పునాది వేసుకుంది. గోల్ఫ్‌లో మెల్లగా, కొద్ది దూరం కొట్టాల్సి వచ్చినప్పుడు తడబాటు మొదలవుతుంది, ఎందుకంటే విసురు చిన్నదైతే కొలతలోని తప్పు పెద్దదిగా కనిపిస్తుంది. బాక్సింగ్‌లో ఒక చేతిలో రిమోట్, రెండో చేతిలో తీగతో తగిలించిన నంచక్ అనే జోడు కంట్రోలర్ పట్టుకుని గుద్దాలి. నంచక్‌లోనూ త్వరణం కొలిచే చిప్ ఉంది. ఇక్కడ ఆటగాడు కోరేది తన పిడికిళ్లు ఎక్కడున్నాయో తెర మీద అలాగే కనిపించాలని. చిప్‌కు తెలియనిది సరిగ్గా అదే. కొట్టిన దెబ్బ ఒకటి, పడిన దెబ్బ ఇంకొకటి. అయిదింటిలో నాకు తృప్తి ఇవ్వనిది ఈ ఒక్కటే.

యూబీసాఫ్ట్ వారి రెడ్ స్టీల్‌ది కూడా ఇదే చిక్కు. తుపాకీ గురిపెట్టడం వరకు కెమెరా ఆదుకుంటుంది. కత్తి దూశాక మాత్రం, చేతిలోని కత్తి ఎలా తిరిగితే తెరమీది కత్తి అలా తిరుగుతుందని ఆశించిన ఆటగాడికి, అడ్డంగా ఒక వేటు, నిలువుగా ఒక వేటు అని ముందే సిద్ధం చేసి ఉంచిన కదలికలే దొరికాయి. లెజెండ్ ఆఫ్ జెల్డా: ట్వైలైట్ ప్రిన్సెస్‌లోనూ కత్తి విసురు దాదాపు బటన్ నొక్కడానికి బదులే. కానీ ఆ ఆటలో రెండు చిన్న ముచ్చట్లు నాకు బాగా నచ్చాయి. గేమ్‌క్యూబ్ కోసం తయారైన ఆ కథలో వీరుడు లింక్ ఎడమచేతి వాటం మనిషి. రిమోట్‌ను ఎక్కువమంది కుడిచేత్తో పట్టుకుంటారు కాబట్టి, వీ కోసం ఆట మొత్తాన్నీ అద్దంలో చూసినట్టు తిప్పేశారు. కొండలూ ఊళ్లూ సూర్యోదయంతో సహా అన్నీ తారుమారయ్యాయి. రెండోది బాణం. నారి లాగిన చప్పుడు చేతిలోని రిమోట్‌కున్న చిన్న స్పీకరులోంచి వస్తుంది, బాణం గుచ్చుకున్న చప్పుడు టీవీలోంచి వస్తుంది. ఆ రెండింటి నడుమ బాణం మన గదిలోంచి దూసుకెళ్లినట్టు చెవి తనంతట తానే కల్పించుకుంటుంది. కొలత లేనిచోట కల్పన ఎలా పూరిస్తుందో చెప్పడానికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ నాకు తెలియదు.

అయితే ఆ చిప్ స్వభావాన్ని లోతుగా అర్థం చేసుకున్న ఆట ఏదంటే నేను వారియోవేర్: స్మూత్ మూవ్స్ అంటాను. జపాన్‌లో కన్సోల్‌తో పాటే 2006 డిసెంబరులో వచ్చింది. అందులో ఒక్కో ఆట కొన్ని సెకన్లే. ప్రతిదానికీ ముందు రిమోట్ ఎలా పట్టుకోవాలో చెబుతారు: నెత్తి మీద నిలబెట్టు, ముక్కుకు ఆనించి తొండంలా పట్టుకో, గొడుగు కర్రలా పట్టుకో, అరచేతిలో పళ్లెంలా మోయి. చూసేవాళ్లకు అదంతా నవ్వుల ఆట. భౌతికశాస్త్రం కళ్లతో చూస్తే ఎంతో పదునైన ఆలోచన. పట్టు ముందే చెప్పేశారు కాబట్టి, గురుత్వం ఏ వైపు లాగుతుందో ఆటకు తెలుసు. తొలి స్థితి ఊహించుకోనక్కర్లేదు. వ్యవధి కొన్ని సెకన్లే కాబట్టి తప్పులు పేరుకునే లోపే ఆట అయిపోతుంది.

ఇక సోఫా సంగతి. కొన్ని రోజులు ఆడాక ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు కనిపెట్టేస్తారు: లేచి నిలబడి చెయ్యంతా ఊపనక్కర్లేదు, కూర్చున్నచోటే మణికట్టు చటుక్కున ఆడిస్తే చాలు, టెన్నిస్ గెలవొచ్చు. ఎందుకంటే వంపుతిరిగే చలనంలో త్వరణం, కోణీయ వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో గుణించినంత. 60 సెంటీమీటర్ల చెయ్యి సెకనుకు 5 రేడియన్ల వేగంతో తిరిగితే త్వరణం సెకనుకు సెకనుకు 15 మీటర్లు. మణికట్టు నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చిప్, సెకనుకు 10 రేడియన్లతో తిరిగితే అప్పుడూ 15. రెండింటికీ తేడా చిప్‌కు తెలియదు. అయినా కొత్తవాళ్లందరూ లేచి నిలబడి ఒళ్లంతా వంచి ఊపుతారు. వాళ్లను అలా ఆడించేది చిప్ కాదు, వాళ్ల ఒంట్లో ఉన్న జ్ఞాపకం.

ఆ జ్ఞాపకం ఎంత గట్టిదో చెప్పడానికి ఒక తాడు చాలు. రిమోట్ జారిపోకుండా మణికట్టుకు తగిలించుకునే సన్నటి తాడు మొదట ఇచ్చినప్పుడు 0.6 మిల్లీమీటర్లు ఉండేది. బంతి విసిరేవాడు బంతిని వదిలేసినట్టే జనం రిమోట్‌నూ వదిలేశారు, తాళ్లు తెగాయి, కొన్ని టీవీలు పగిలాయి. డిసెంబరులోనే నింటెండో తాడును 1 మిల్లీమీటరుకు పెంచి, పాతవాటికి బదులుగా 32 లక్షల తాళ్లు మార్చి ఇస్తామని ప్రకటించింది. ఏడాది తిరగకుండానే రిమోట్‌కు మెత్తటి రబ్బరు తొడుగు కూడా వచ్చింది.

శరీరం మీద పడిన ప్రభావాన్ని వైద్యులూ వెంటనే పట్టించుకున్నారు. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వైద్యుడి లేఖ అచ్చయింది: గంటల తరబడి వీ టెన్నిస్ ఆడిన 29 ఏళ్ల మనిషికి భుజం వెనక స్నాయుబంధం వాచింది. అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లివర్‌పూల్ పరిశోధకులు 13 నుంచి 15 ఏళ్ల వయసున్న 11 మంది పిల్లలను పరీక్షించి ఫలితాలు వెల్లడించారు. కూర్చుని ఆడే ఆటకంటే వీ స్పోర్ట్స్‌లో ఒంటి శక్తి స్పష్టంగా ఎక్కువ ఖర్చవుతుంది. నిజమైన టెన్నిస్‌కో బాక్సింగ్‌కో అది సమానం కాదు. పిల్లలను మైదానానికి పంపే బాధ్యత నుంచి ఈ కన్సోల్ ఎవరినీ తప్పించదని ఆ పత్రం చదివితే తేటతెల్లమవుతుంది. ఆ మాట అప్పటి ప్రకటనల హోరులో వినబడాల్సినంతగా వినబడలేదు.

చిప్‌కు తెలియని తిరుగుడు సంగతి 2009లో తీరింది. ఆ ఏడాది వచ్చిన మోషన్‌ప్లస్ అనే చిన్న జోడింపును రిమోట్ అడుగున తగిలిస్తే, అందులోని జైరోస్కోపులు ఏ అక్షం మీద ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతాయి. లోపల నిరంతరం కంపించే సూక్ష్మమైన నిర్మాణం ఉంటుంది. రిమోట్ తిరిగితే ఆ కంపనం కోరియాలిస్ బలం వల్ల పక్కకు మళ్లుతుంది, ఎంత మళ్లిందో అంత తిరుగుడు. దానితో వచ్చిన వీ స్పోర్ట్స్ రిసార్ట్‌లో కత్తిని ఎలా వంచితే తెర మీద అలా వంగింది, విల్లు ఎక్కుపెట్టడం నిజంగా ఎక్కుపెట్టినట్టే ఉంది. మూడేళ్ల కిందట మొదటి పది నిమిషాల్లో జనం నమ్మింది అప్పటికి చాలావరకు నిజమైంది. మరుసటి ఏడాది రెడ్ స్టీల్ 2 ఈ జోడింపు లేకుండా ఆడటానికే వీల్లేకుండా వచ్చింది.

అయినా పాత లెక్క వెంటాడుతూనే ఉంది. జైరోస్కోప్ కూడా నిలబడి ఉన్నప్పుడు కచ్చితంగా సున్నా చూపదు. ఆ చిన్న తప్పు కోణంలో పోగవుతుంది. అందుకే ఆట నడుమ రిమోట్‌ను బల్ల మీద బోర్లా పెట్టి కాసేపు కదపవద్దని తెర మీద సూచన వస్తుంది, ఆ నిశ్చలతనే యంత్రం కొత్త సున్నాగా రాసుకుంటుంది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ కన్సోల్ జాయ్‌కాన్ కంట్రోలర్లలో త్వరణం కొలిచేదీ, తిరుగుడు కొలిచేదీ రెండూ మొదటి నుంచే ఉన్నాయి. టీవీ మీది దీపాల పట్టీ మాత్రం లేదు. చూపుకు ఆనవాలు ఇచ్చే రెండు చుక్కలు లేవు కాబట్టి తెర మీది గురి ఆడేకొద్దీ మెల్లగా పక్కకు జరుగుతుంది, ఆటగాడు ఒక బటన్ నొక్కి దాన్ని మళ్లీ నడుమకు తెచ్చుకోవాలి. 2022లో వచ్చిన స్విచ్ స్పోర్ట్స్‌లో బౌలింగ్ మళ్లీ ఉంది, చెయ్యి వెనక్కి తీసుకెళ్లి ముందుకు ఊపడం అదే పద్ధతి.